ఇంట్లో అందరి ఫోన్లకూ నేనే దిక్కు.. ఏ యాప్‌లు వాడాలి?

ప్రశ్న: మా ఇంట్లో ఆరుగురం. నేను, మా వారు, పద్నాలుగేళ్ల బాబు, తొమ్మిదేళ్ల పాప, అత్తగారు, మామగారు. ఫోన్లు, ల్యాప్‌టాప్, వైఫై.. ఏది మొరాయించినా అందరూ నన్నే పిలుస్తారు. స్టోరేజ్ నిండిపోయిందని నా ఫోన్‌లో రోజూ మెసేజ్ వస్తోంది. పిల్లల చిన్నప్పటి ఫొటోలు ఎవరి ఫోన్‌లో ఏవి ఉన్నాయో తెలీదు. పాస్‌వర్డులన్నీ ఒక నోట్‌బుక్‌లో రాసిపెట్టుకున్నాను, అది తప్పంటున్నారు. చివరి గదిలో వైఫై అందదు. మామగారికి వినికిడి తగ్గింది. అత్తగారికి తెలియని నంబర్ల నుంచి కాల్స్ వస్తుంటే నాకు టెన్షన్‌గా ఉంటోంది. మా వారేమో ఇంట్లోకి కెమెరాలు, స్మార్ట్ స్పీకర్ కొంటే అన్నీ సులువైపోతాయంటారు. కుటుంబానికి పనికొచ్చే వెబ్‌సైట్లు, యాప్‌లు, గాడ్జెట్లు ఒక లిస్టుగా చెప్పగలరా? తా.క.: ఒక పాత ట్యాబ్ మూడేళ్లుగా సొరుగులో పడి ఉంది. దాంతో ఏమైనా చేయొచ్చా?
- పేరు వేయవద్దన్న ఒక పాఠకురాలు

సమాధానం: లిస్టు ఇవ్వడం తేలికే. ఇరవై పేర్లు రాసి పంపితే మీరు ఆ ఇరవై యాప్‌లూ వేసుకుంటారు, ఇరవై పాస్‌వర్డులు పెడతారు, అవి మొరాయించిన రోజున మళ్లీ అందరూ మిమ్మల్నే పిలుస్తారు. మీ ఉత్తరం చదివాక నాకు అనిపించింది ఏమిటంటే, మీ ఇంటి డిజిటల్ వ్యవహారమంతా ఒక్క మనిషి తలలో ఉంది. మీకు రెండు రోజులు జ్వరమొచ్చి పడుకుంటే వైఫై పాస్‌వర్డ్ చెప్పే దిక్కు కూడా ఉండదు.

అందుకని ఏ యాప్ ముందైనా, ఏ వస్తువు ముందైనా ఒక ప్రశ్న వేసుకోండి: నేను లేనప్పుడు దీన్ని ఇంట్లో ఇంకొకరు నడపగలరా? నడపగలిగితే ఉంచుకోండి. లేదంటే అది ఎంత గొప్పదైనా మీ నెత్తిన ఇంకో బరువే. ఇంకో మాట, ప్రస్తుతానికి దాదాపు ఏమీ కొనకండి. నేను చెప్పబోయే వాటిలో చాలా భాగం మీ ఫోన్లలో ఇప్పటికే ఉంది.

ముందు ఫొటోల సంగతి చూద్దాం. ఫోన్ పోతే ఇంకోటి కొనుక్కోవచ్చు. పాప మొదటి అడుగులు మళ్లీ తీయలేం.

స్టోరేజ్ నిండిందని వచ్చే మెసేజ్‌లు రెండు రకాలు. చాలామంది రెండూ ఒకటే అనుకుని ఏవో తీసేస్తూ ఉంటారు. ఒకటి ఫోన్ లోపలి జాగా. రెండోది గూగుల్ అకౌంట్‌తో ఉచితంగా వచ్చే 15 జీబీ. ఈ 15 జీబీని జీమెయిల్, డ్రైవ్, ఫొటోలు మూడూ పంచుకుంటాయి. ఒకప్పుడు క్వాలిటీ కాస్త తగ్గించి దాచుకుంటే ఫొటోలను లెక్కలో వేసేవారు కాదు. 2021 జూన్ 1 నుంచి ఆ వెసులుబాటు పోయింది. ఇప్పుడు ఆండ్రాయిడ్‌లో వాట్సాప్ బ్యాకప్ కూడా ఇందులోంచే జాగా తింటుంది. ఐఫోన్ వాళ్లకైతే ఐక్లౌడ్ ఉచితంగా ఇచ్చేది 5 జీబీయే. మీకు నిండింది వీటిలో ఏదో ముందు చూడండి. ఫోన్ సెట్టింగ్స్‌లో స్టోరేజ్ దగ్గర ఒక లెక్క, గూగుల్ వన్ పేజీలో ఇంకో లెక్క కనిపిస్తాయి.

ఫోన్ జాగా అయితే తొంభై పాళ్లు దోషి వాట్సాపే. దాని సెట్టింగ్స్‌లో 'స్టోరేజ్ అండ్ డేటా', అందులో 'మేనేజ్ స్టోరేజ్' తెరవండి. పెద్ద ఫైళ్లను, చాలాసార్లు ఫార్వర్డ్ అయినవాటిని వేరువేరు గుట్టలుగా చూపిస్తుంది. ఆ రెండో గుట్టను కళ్లు మూసుకుని తీసేసినా ఇంట్లో ఎవరూ బాధపడరు, అత్తగారు తప్ప. పక్కనే ఫొటోలు, వీడియోలు వాటంతటవే డౌన్‌లోడ్ అయ్యే సెట్టింగ్ ఉంటుంది. అది ఆపేస్తే ఈ గుట్ట మళ్లీ పేరుకోదు.

ఇక్కడ ఒక జాగ్రత్త. గూగుల్ ఫొటోస్‌లో బ్యాకప్ అయిన ఫొటోను డిలీట్ నొక్కి తీసేస్తే ఫోన్‌లో పోతుంది, క్లౌడ్‌లోనూ, అంటే గూగుల్ దగ్గర దాచిన చోటా పోతుంది. 'పైన ఒక కాపీ ఉందిగా' అని ఫోన్‌లోవి తుడిచేసి, అక్కడా లేకపోయేసరికి లబోదిబోమన్నవాళ్లు ఎందరో. ఫోన్‌లో జాగా కావాలంటే అదే యాప్‌లో 'ఫ్రీ అప్ స్పేస్' అని విడిగా ఉంది, దాన్ని వాడండి. అది బ్యాకప్ అయినవాటిని మాత్రమే, ఫోన్‌లోంచి మాత్రమే తీస్తుంది. పొరపాటు జరిగితే వెంటనే ట్రాష్ చూడండి. బ్యాకప్ అయిన ఫొటోలు అందులో 60 రోజులుంటాయి. ఐఫోన్‌లో అయితే 'రీసెంట్లీ డిలీటెడ్' అనే చోట 30 రోజులు.

ఫొటోలు భద్రంగా ఉండాలంటే పీటర్ క్రోగ్ అనే ఫొటోగ్రాఫర్ ప్రచారంలోకి తెచ్చిన 3-2-1 పద్ధతి ఉంది. మొత్తం మూడు కాపీలు, రెండు రకాల సాధనాల మీద, వాటిలో ఒకటి ఇంటి బయట. మీ ఇంటికి దాన్ని ఇలా పెట్టుకోవచ్చు: ఫోన్ ఒకటి, క్లౌడ్ ఒకటి, ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ ఒకటి. క్లౌడ్ ఎలాగూ ఇంటి బయటే ఉంటుంది. ఇంట్లో హార్డ్ డిస్క్ లేకపోతే అదొక్కటీ కొనండి, నేను కొనమనే వస్తువుల్లో మొదటిది అదే. పెన్‌డ్రైవ్‌లో ఏళ్ల తరబడి దాచడం మాత్రం వద్దు. అది ఒక చోటి నుంచి ఇంకో చోటికి మోయడానికి చేసిన వస్తువు.

హార్డ్ డిస్క్ పని మీ వారికి అప్పగించండి. గాడ్జెట్ల మీద మక్కువ ఉన్న మనిషి కదా, సంతోషంగా చేస్తారు. మూణ్నెల్లకోసారి అందరి ఫోన్లలోవీ అందులోకి ఎక్కించడం, ఏడాది పేరుతో ఫోల్డరు, అందులో నెల పేరుతో ఇంకో ఫోల్డరు. అంతకు మించిన అమరిక పెట్టుకుంటే రెండోసారికే విసుగొస్తుంది. ఎక్కించిన తర్వాత పాతవి కొన్ని తెరిచి చూడమనండి. కాపీ అయిందనుకున్న ఫైలు తెరుచుకోకపోతే ఆ సంగతి అప్పుడే తెలియాలి.

చెల్లాచెదురైన పాత ఫొటోలను వాట్సాప్‌లో పంపించుకోకండి, సైజు తగ్గించేస్తుంది. తప్పనిసరైతే 'డాక్యుమెంట్'గా పంపితే ఉన్నది ఉన్నట్టు వస్తుంది. అంతకన్నా తేలిక, గూగుల్ ఫొటోస్‌లో ఒక షేర్డ్ ఆల్బమ్ తెరిచి ఆ లింకు అందరికీ ఇవ్వడం. మీకూ మీ వారికీ మధ్య 'పార్ట్‌నర్ షేరింగ్' కూడా పెట్టుకోవచ్చు. పిల్లల ముఖాలు ఎంచుకుంటే చాలు, ఆ ఫొటోలు ఒకరి అకౌంట్ నుంచి ఇంకొకరికి వాటంతటవే అందుతుంటాయి.

ఇక పాస్‌వర్డుల నోట్‌బుక్. అది తప్పని నేననను. ఎక్కడో దూరాన కూర్చున్న దొంగకు మీ బీరువాలోని నోట్‌బుక్ కనిపించదు. దానితో వచ్చే ఇబ్బంది వేరే ఉంది. చేత్తో రాసి, చూసి కొట్టాలి కాబట్టి చిన్నవి పెడతాం, ఒకటే నాలుగు చోట్ల పెడతాం. ఏదో ఒక వెబ్‌సైట్ నుంచి అవి బయటికి పొక్కితే దొంగలు అదే మెయిల్, అదే పాస్‌వర్డ్ మిగతా చోట్లా వేసి చూస్తారు. మీది ఇప్పటికే పొక్కిందేమో చూడటానికి 'హ్యావ్ ఐ బీన్ పోన్డ్' అనే సైట్ ఉంది. ఆస్ట్రేలియాకు చెందిన సెక్యూరిటీ నిపుణుడు ట్రాయ్ హంట్ 2013లో మొదలుపెట్టాడు. మెయిల్ ఐడీ ఇస్తే ఏయే లీకుల్లో అది కనిపించిందో చెబుతుంది. పాత ఐడీ అయితే ఒకట్రెండు పేర్లు కనిపించడం మామూలే, కంగారు పడకండి. ఆ సైట్లలో పాస్‌వర్డ్ మార్చండి, అదే పాస్‌వర్డ్ వాడిన మిగతాచోట్లా మార్చండి.

మూడు నెలలకోసారి మార్చాలి, అంకె ఉండాలి, గుర్తు ఉండాలి అనే పాత పట్టింపులు వదిలేయండి. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2017లో ఆ పద్ధతిని పక్కన పెట్టి, పొడవే ముఖ్యమంది. 2003లో ఆ పాత సలహాలు రాసిన బిల్ బర్ కూడా తను చేసినదానిలో చాలా భాగానికి విచారిస్తున్నానని తర్వాత చెప్పాడు. ఒకదానితో ఒకటి సంబంధం లేని నాలుగైదు తెలుగు మాటల్ని ఇంగ్లిష్ అక్షరాల్లో కలిపి కొట్టండి. గుర్తుంటుంది, ఊహించడం కష్టం. సామెతలు, పాటల పల్లవులు మాత్రం వద్దు, అవి అందరికీ తెలిసినవే. ఇలాంటి గట్టి పాస్‌వర్డ్ ఒక్కటి మీరు గుర్తు పెట్టుకుంటే, మిగతావన్నీ పాస్‌వర్డ్ మేనేజర్, అంటే పాస్‌వర్డులను దాచిపెట్టి అడిగినచోట తనే నింపే యాప్, చూసుకుంటుంది. గూగుల్, ఆపిల్ ఫోన్లలో అది ముందే ఉంటుంది. ఇంట్లో రెండు రకాల ఫోన్లూ ఉంటే బిట్‌వార్డెన్ అనే మేనేజర్ వాడుకోవచ్చు, ఉచితంగానే సరిపోతుంది.

అన్నిటికన్నా ముందు కాపాడుకోవాల్సింది మెయిల్ అకౌంట్. అది తాళంచెవుల గుత్తి లాంటిది, ఎందుకంటే మిగతా ఏ సైట్‌లో 'ఫర్గాట్ పాస్‌వర్డ్' నొక్కినా లింకు వచ్చేది అక్కడికే. దానికి టూ-స్టెప్ వెరిఫికేషన్, అంటే పాస్‌వర్డ్ తర్వాత ఇంకో రుజువు కూడా అడిగే ఏర్పాటు, పెట్టండి. పెట్టాక గూగుల్ అకౌంట్ సెట్టింగ్స్‌లో పది బ్యాకప్ కోడ్‌లు తీసుకునే వీలుంటుంది. ఫోన్ పోయిన రోజున మిమ్మల్ని లోపలికి పంపేవి అవే. వాటిని ఫోన్‌లోనే స్క్రీన్‌షాట్ తీసి దాచుకునేవాళ్లున్నారు, ఏమనాలో తెలియదు.

మీ నోట్‌బుక్‌కి అసలు పని ఇప్పుడు మొదలవుతుంది. పాత పాస్‌వర్డులన్నీ కొట్టేసి, అందులో మూడే ఉంచండి: పాస్‌వర్డ్ మేనేజర్ అసలు పాస్‌వర్డ్, మెయిల్ బ్యాకప్ కోడ్‌లు, అందరి ఫోన్ల పిన్‌లు. అది ఎక్కడుందో మీ వారికి చూపించండి. దీంతోపాటు ఇంకో పనుంది, ఎత్తడానికి కాస్త ఇబ్బందైన సంగతే. మనిషి లేకపోతే అకౌంట్ ఎవరికి చెందాలో ముందే చెప్పిపెట్టే వీలు గూగుల్‌లో 'ఇనాక్టివ్ అకౌంట్ మేనేజర్' పేరుతో, ఆపిల్‌లో 'లెగసీ కాంటాక్ట్' పేరుతో ఉంది. మీరూ మీ వారూ ఒకరి పేరు ఒకరు రాసుకోండి. అలాగే, వాడకుండా వదిలేసిన పాత జీమెయిల్ ఏదైనా ఉండి, అందులో ఫొటోలుంటే వెంటనే ఒకసారి లాగిన్ అవ్వండి. రెండేళ్లు ముట్టుకోని అకౌంట్లను గూగుల్ తీసేయొచ్చు.

ఇంటి పనుల సంగతి క్లుప్తంగా చెబుతాను. గూగుల్‌లో ఫ్యామిలీ గ్రూప్ తెరిస్తే గరిష్ఠంగా ఆరుగురు చేరవచ్చు, మీరు సరిగ్గా ఆరుగురే. గ్రూప్ తెరవగానే అందరికీ కలిపి ఒక 'ఫ్యామిలీ' క్యాలెండర్ వస్తుంది. డాక్టర్ అపాయింట్‌మెంట్లు, పరీక్షలు, బిల్లుల గడువులు అందులో వేయండి. ఒకటే షరతు: సంగతి ఎవరి చెవిన పడితే వాళ్లే ఎక్కించాలి. 'అమ్మా, నువ్వు రాసిపెట్టు' అంటే ఒప్పుకోకండి. కొనాల్సిన సామాన్ల చీటీకి గూగుల్ కీప్‌లో ఒక షేర్డ్ నోట్ చాలు. దీనికోసం వేరే యాప్‌లు బోలెడున్నాయి గానీ, ఇంట్లో ఇద్దరు ముగ్గురు వారం తర్వాత వాటిని తెరవడం మానేస్తారు.

అత్తగారు, మామగారి దగ్గరికి వద్దాం. వీళ్ల ఫోన్లలో మీరు ఒక గంట కూర్చుని చేసే మార్పులు కొత్త ఫోన్ కొన్నదానికన్నా ఎక్కువ పనికొస్తాయి. అక్షరాల సైజుతోపాటు 'డిస్‌ప్లే సైజు' కూడా పెంచండి. మొదటిది పెంచి రెండోది వదిలేస్తే బటన్లు చిన్నవిగానే ఉండిపోతాయి. కీబోర్డు మీద మైకు బొమ్మ నొక్కి తెలుగులో మాట్లాడితే అదే టైప్ అవుతుందని చూపించండి. టైపింగ్ రాదని మెసేజ్‌లు మానేసిన పెద్దవాళ్లు దీంతో ఎంత హుషారవుతారో మీరే చూస్తారు, ఆ తర్వాత వాళ్ల మెసేజ్‌లు తట్టుకోవడం మీ వంతు. మామగారికి గూగుల్ 2019లో తెచ్చిన 'లైవ్ ట్రాన్‌స్క్రైబ్' పెట్టివ్వండి. ఆండ్రాయిడ్ ఫోన్‌లో ఉచితం, తెలుగు కూడా ఎంచుకోవచ్చు. ఎదురుగా ఉన్నవాళ్లు మాట్లాడుతుంటే తెర మీద అక్షరాలుగా కనిపిస్తుంది. గోల ఉన్నచోట తప్పులు పడతాయి. డాక్టర్ గదిలాంటి నిశ్శబ్దమైన చోట బాగా ఉపయోగపడుతుంది. వినికిడి పరీక్షకు మాత్రం ఇది బదులు కాదు.

నేర్పేటప్పుడు ఫోన్ వాళ్ల చేతిలోనే ఉండాలి. మనం లాక్కుని చకచకా నాలుగు నొక్కి 'చూశారా, ఇంతే' అంటే వాళ్లకు వచ్చేది పని కాదు, చిన్నతనం. పాపను వాళ్లకు టీచర్‌గా పెట్టినా మంచిదే. మనకు లేని ఓపిక తొమ్మిదేళ్ల పిల్లలకు అవ్వాతాతల దగ్గర ఉంటుంది.

తెలియని కాల్స్ విషయంలో 'ఎత్తొద్దు' అని చెప్పి వదిలేయకండి. ఏదో ఒక రోజు ఎత్తుతారు. అలా ఎత్తినప్పుడు ఏం చేయాలో చెప్పి ఉంచాలి. మోసగాడి కాల్‌లో కథ ఏదైనా, తొందర మాత్రం ఒకటే: ఇప్పుడే చేయాలి, ఎవరికీ చెప్పకూడదు, ఫోన్ పెట్టేయకూడదు. ఈ మూడింటిలో ఏది వినబడినా పెట్టేయడమే. పెట్టేస్తే మర్యాద కాదేమోనని పెద్దవాళ్లు మొహమాటపడతారు. ఆ మొహమాటం పోగొట్టాల్సింది మీరే, 'నా కోడలితో మాట్లాడి చెబుతాను' అనే ఒక్క మాట నేర్పండి. ఓటీపీ చెప్పకూడదని అందరికీ తెలిసింది. తెలియనిది ఇంకోటి ఉంది. 'సాయం చేస్తాను, ఈ యాప్ వేసుకోండి' అని తెర మొత్తం అవతలివాళ్లకు కనబడే యాప్‌లు దింపిస్తారు. అప్పుడు ఓటీపీ చెప్పనక్కర్లేదు, వాళ్లే చదువుకుంటారు. కాల్‌లో ఉన్న అపరిచితుడు వేసుకోమన్న యాప్ ఏదీ వేసుకోకూడదని గట్టిగా చెప్పండి.

ఇప్పుడు గొంతును కూడా నకలు చేస్తున్నారు. మనవడి గొంతుతో 'నానమ్మా, ఇబ్బందిలో ఉన్నాను, డబ్బు పంపు' అని కాల్ వస్తే ఎవరికైనా గుండె ఆగినంత పనవుతుంది. అందుకు ఇంటిల్లిపాదికీ మాత్రమే తెలిసిన ఒక మాట అనుకోండి. 2024 డిసెంబరులో అమెరికా ఎఫ్‌బీఐ ప్రజలకు ఇచ్చిన హెచ్చరికలో కూడా కుటుంబాలు రహస్య పదం పెట్టుకోమంది. ఆ మాట పెంపుడు కుక్క పేరో, పుట్టిన ఊరో కాకూడదు, అవి ఫేస్‌బుక్‌లో దొరికిపోతాయి. అది చెప్పలేకపోతే కాల్ కట్ చేసి, మనవడి నంబరుకు మనమే చేయడం. దీనికి యాప్ అక్కర్లేదు, చార్జింగ్ అక్కర్లేదు.

పెద్దవాళ్ల ఫోన్లలో ఎమర్జెన్సీ సమాచారం కూడా నింపండి. రక్తం గ్రూపు, వాడే మందులు, పడని మందులు, మీ నంబరు. లాక్ తీయకుండానే ఎమర్జెన్సీ బటన్ నొక్కితే ఎదుటివాళ్లకు కనిపిస్తాయి. ఐఫోన్‌లో దీన్ని 'మెడికల్ ఐడీ' అంటారు. చాలా ఫోన్లలో పవర్ బటన్ వరుసగా ఐదుసార్లు నొక్కితే సాయం కోసం కాల్ వెళ్లే ఏర్పాటు కూడా ఉంటుంది. అది పెట్టేటప్పుడు ఎలా రద్దు చేయాలో కూడా చూపించండి, జేబులో నొక్కుకుపోయి అనవసరంగా కాల్ వెళ్లకుండా.

పిల్లల గురించి మీరు ఏమీ అడగలేదు, కానీ అడగబోయి ఆగారనిపించింది. పాపకు గూగుల్ వాళ్ల 'ఫ్యామిలీ లింక్' గానీ, ఐఫోనైతే 'స్క్రీన్ టైమ్' గానీ పెట్టండి. రాత్రి ఒక వేళకు ఆగిపోవడం, కొత్త యాప్‌కు మీ అనుమతి, ఈ రెండూ చాలు. పద్నాలుగేళ్ల బాబు ఫోన్‌లో మాత్రం అతనికి తెలియకుండా నిఘా యాప్‌లు వేయడం నాకు నచ్చదు. కనిపెట్టేస్తారు, కనిపెట్టాక రెండో ఫోన్‌కు మారిపోతారు, ఆ తర్వాత నిజంగా ఏదైనా జరిగితే మీకు చెప్పరు. పరిమితులు అతని ఎదురుగా కూర్చుని పెట్టండి. రాత్రిపూట అందరి ఫోన్లూ, మీవి కూడా, హాల్లో ఒకేచోట చార్జింగ్‌కు పెట్టే పద్ధతి వీటన్నిటికన్నా బాగా పనిచేస్తుంది. ఇంటి సాంకేతిక విభాగంలో బాబుకు ఒక పదవి కూడా ఇవ్వండి. అదే వైఫై.

చివరి గదికి సిగ్నల్ అందకపోతే ముందు రూటర్ ఎక్కడుందో చూడండి. బీరువా మీదో, టీవీ వెనకో, అరలోపలో ఉంటే అక్కడే సగం పోతుంది. ఇంటి మధ్యకు, కాస్త ఎత్తుకు, బయటికి కనిపించేలా మార్చండి. 'చూడ్డానికి బాగోదు' అని వచ్చే అభ్యంతరానికి నా దగ్గర జవాబు లేదు. మైక్రోవేవ్‌కు దూరంగా పెట్టండి, ఎందుకంటే అది దాదాపు 2.45 గిగాహెర్ట్జ్ దగ్గర పనిచేస్తుంది, వైఫై పాత బ్యాండు 2.4 కూడా అక్కడే. చాలా రూటర్లు రెండు బ్యాండ్లు ఇస్తాయి. 5 గిగాహెర్ట్జ్ వేగం ఎక్కువ, గోడలు దాటడంలో నీరసం. 2.4 నెమ్మది, కానీ దూరం పోతుంది. చివరి గదిలో 2.4కు కలిపి చూడండి, వీడియో కాల్‌కు అది సరిపోవచ్చు. అయినా అందకపోతే ఆ గదికి ఒక కేబుల్ లాగి రెండో రూటర్‌ను యాక్సెస్ పాయింట్‌గా, అంటే అక్కడి నుంచీ వైఫై పంచేలా పెట్టడం మంచి మార్గం, కేబుల్ కుదరకపోతే మెష్, అంటే కేబుల్ లేకుండానే ఒకదానితో ఒకటి కలిసి పనిచేసే రూటర్ల సెట్టు. సిగ్నల్‌ను అందుకుని మళ్లీ పంపే చవక రిపీటర్లు చాలావరకు వేగాన్ని సగానికి కోసేస్తాయి.

పాస్‌వర్డ్ అడిగేవాళ్లకు చెప్పే పని నుంచి కూడా మీకు విముక్తి ఉంది. ఆండ్రాయిడ్ 10 నుంచి వైఫై సెట్టింగ్స్‌లో 'షేర్' నొక్కితే క్యూఆర్ కోడ్ వస్తుంది. రూటర్‌లో అతిథుల కోసం విడిగా ఉండే గెస్ట్ నెట్‌వర్క్ తెరిచి దాని కోడ్ ప్రింట్ తీసి అల్మారా తలుపు లోపలివైపు అంటించండి. వచ్చినవాళ్లు స్కాన్ చేసుకుంటారు. 1994లో జపాన్‌కు చెందిన డెన్సో వేవ్ వాళ్లు కారు విడిభాగాల లెక్క కోసం కనిపెట్టిన కోడ్ అది, ఇలా మీ అల్మారాకు ఎక్కుతుందని అనుకుని ఉండరు. ఇక నుంచి రూటర్ ఆగితే పిలవాల్సింది బాబును. మీరు లేవకండి.

మీ వారి కోరికలకొస్తే, తలుపు బయట కెమెరా పెడితే నాకు అభ్యంతరం లేదు. ఇంటి లోపల, పడకగదుల వైపు చూసేలా మాత్రం వద్దు. ఇంటర్నెట్‌కు కలిసే కెమెరా అంటే దాని పాస్‌వర్డ్ ఎంత గట్టిదో మీ ఇల్లు అంత గుట్టుగా ఉన్నట్టు. కొంటే డబ్బాతో వచ్చిన పాస్‌వర్డ్ మార్చి, గెస్ట్ నెట్‌వర్క్‌కు కలపండి. అప్పుడు దాన్ని ఎవరైనా పట్టుకున్నా మీ ల్యాప్‌టాప్ దాకా రావడం కష్టం. స్మార్ట్ స్పీకర్ విషయంలో నేను అంత ఉత్సాహం చూపను. పాటలకూ అలారానికీ తప్ప చాలా ఇళ్లలో దానికి పని ఉండదు. చూపు తగ్గిన పెద్దవాళ్లున్నచోట మాత్రం అది నిజమైన సాయం.

ఏ ఎలక్ట్రానిక్ వస్తువు కొన్నా, ముఖ్యంగా ఫోన్, 'సెక్యూరిటీ అప్‌డేట్లు ఎప్పటిదాకా ఇస్తారు' అని అడగండి. కెమెరా ఎన్ని మెగాపిక్సెళ్లో అందరూ చెబుతారు, ఇది అడిగితే తడబడతారు. 2023లో వచ్చిన పిక్సెల్ 8కు గూగుల్ ఏడేళ్లు ఇస్తానంది. రెండేళ్లు ఇచ్చే ఫోన్లూ ఉన్నాయి. సగం దారిలో ఆగిపోయే చవక ఫోన్ చవక కాదు.

పవర్ బ్యాంక్ కొనేటప్పుడు అంకె చూసి మోసపోకండి. 10,000 ఎంఏహెచ్ అని రాసి ఉంటే అది లోపలి బ్యాటరీ 3.7 వోల్టుల దగ్గర చెప్పే లెక్క, అంటే 37 వాట్-అవర్లు. ఫోన్‌కు 5 వోల్టుల దగ్గర ఇచ్చేసరికి 7,400 అవుతుంది, దారిలో వేడిగా పోయేది పోను మీకు అందేది ఇంకా తక్కువ. విమానంలో సాధారణంగా 100 వాట్-అవర్ల లోపువి అనుమతిస్తారు, అదీ చేతి సంచిలోనే, కింద వేసే లగేజీలో కాదు. ఈ లెక్కన 20,000ది 74 వాట్-అవర్లు, ఇబ్బంది లేదు.

వెబ్‌సైట్ల గురించి ఒకే హెచ్చరిక. పీడీఎఫ్‌లు కలపడానికి, సైజు తగ్గించడానికి బోలెడు ఉచిత సైట్లున్నాయి, పిల్లల ప్రాజెక్టులకు వాడుకోండి. గుర్తింపు కార్డులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, మెడికల్ రిపోర్టులు మాత్రం వాటిలో ఎక్కించకండి, ఎక్కించిన ఫైలు ఎవరి దగ్గర ఉంటుందో మీ చేతిలో లేదు. కాగితాలు స్కాన్ చేయడానికి గూగుల్ డ్రైవ్ యాప్‌లోని కెమెరా బటన్, ఐఫోన్‌లో నోట్స్ సరిపోతాయి. అనుమానంగా ఉన్న లింకును నొక్కే ముందు, అది ప్రమాదకరమో కాదో వెతికి చెప్పే వైరస్‌టోటల్ సైట్‌లో అతికించి చూడొచ్చు. 'ఏమీ లేదు' అని వచ్చినంత మాత్రాన నమ్మేయకండి, కొత్త మోసపు లింకులు దానికీ వెంటనే అందవు.

ఆఖరికి మీ తా.క. ట్యాబ్. ముందు దాన్ని బల్ల మీద పడుకోబెట్టి చూడండి. వెనక మూత ఉబ్బినా, తెర అంచు లేచినా చార్జింగ్ పెట్టకండి, నొక్కకండి, గుచ్చకండి, లోపల బ్యాటరీ పాడైందని అర్థం. చెత్తబుట్టలోనూ వేయకూడదు, ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకు ఇవ్వాలి. బాగానే ఉంటే ఫ్యాక్టరీ రీసెట్, అంటే లోపలున్నవన్నీ తుడిచేసి కొత్తదానిలా మార్చడం, చేయండి. కానీ అప్‌డేట్లు ఆగిపోయి ఉంటాయి కాబట్టి మీ అసలు మెయిల్‌తో, బ్యాంకు యాప్‌లతో అందులో లాగిన్ కావద్దు. కొత్తగా ఒక అకౌంట్ తెరిచి, మీ ఫ్యామిలీ క్యాలెండర్‌ను దానికి చూడటానికి మాత్రమే షేర్ చేసి, వంటింటి గోడకు తగిలించండి. ఎప్పుడు ఎవరికి ఏముందో మిమ్మల్ని అడక్కుండా చూసుకుంటారు. ఎప్పుడూ ప్లగ్‌కు తగిలించి ఉంచితే పాత బ్యాటరీ వేడెక్కి ఉబ్బుతుంది. అందుకని పొద్దున్నే ఓ గంట చార్జింగ్ పెట్టి తీసేయడం పాపకు అప్పజెప్పండి.